ఐస్ ఫ్యాక్టరీ ఆగిన గంట

“మీ మోటారు ఒక్క గంట ఆపితే నాకు గురుడు వినిపిస్తాడండీ.”

భావనపాడు ఐస్ ఫ్యాక్టరీ గుమ్మంలో నిలబడి షాలిని ఆ మాట అనగానే, బెన్హర్ చేతిలోని స్పానరు కిందపెట్టి ఆమెను ఎగాదిగా చూశాడు.

“ఏ గురువు మేడమ్? మా సర్చి పాస్టరుగారైతే మైకు లేకపోయినా వినిపిస్తారు.”

“గురువు కాదు, గురుగ్రహం. జూపిటర్!”

“అదేటి, మాటాడతాదా?”

“రేడియో తరంగాలు పంపిస్తుంది. అదీ ఎప్పుడో ఒకప్పుడు, కాసేపే. మీ మోటారూ అలాంటివే చిమ్ముతోంది, ఆ గోలలో ఒక్క ముక్క వినబడి చావటం లేదు.”

షాలిని విజయనగరం అమ్మాయి. టెక్కలిలో ఓ కాలేజీలో ఫిజిక్స్ చెబుతుంది. పట్నం రొద లేని చోటని భావనపాడులో గది అద్దెకు తీసుకుంది. ఇంటి వెనక ఇసుకలో వెదురు కర్రలు పాతి, రాగి తీగలు కట్టి, స్టూడెంట్లతో కలిసి తయారుచేసిన రిసీవరు తగిలించింది. మూడు నెలలుగా తెల్లవారకముందే లేచి హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటోంది. జుయ్‌మనే మోత తప్ప ఏమీ లేదు. సోమవారం నుంచి ఆమెకు సాలూరు బదిలీ. లెక్క ప్రకారం శుక్రవారం తెల్లవారుజామున నాలుగున్నర, ఐదున్నర మధ్య గురుగ్రహం గట్టిగా పలకాలి. ఇక్కడ అదే ఆఖరి అవకాశం. ఆ శబ్దం రికార్డు చేసి వినిపిస్తానని పిల్లలకి మాటిచ్చింది.

“నాలుగున్నరకా! బోట్లకి ఐసు ఎక్కించే టైమది. ఆపితే బోట్ల మావలంతా కలిసి నన్నే ఐసులో పెట్టీగలరు” అన్నాడు బెన్హర్ నవ్వుతూ.

ఆ నవ్వే ఆమెకు ఒళ్ళు మండించింది. “సరే, మీ ఐసు మీరే తినండి!” అని విసవిసా వచ్చేసింది.

శుక్రవారం సరిగ్గా నాలుగున్నరకి వీధి అవతల మోటారు ఆగిపోయింది.

షాలిని ఉలిక్కిపడి బయటికొచ్చింది. బెన్హర్ గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. తలకి మఫ్లరు, చంకలో పాత ట్రాన్సిస్టరు.

“రాత్రే ఐసంతా కొట్టి బోట్లకి ఎక్కించీసేం. ఇక వినండి మేడమ్.”

ఆమె పరుగున ఇంటి వెనక్కి వెళ్ళి హెడ్‌ఫోన్స్ పెట్టుకుంది. అదే జుయ్! కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

“ఇంకా ఉంది...”

“అంటే దొంగని నేను కాదన్నమాట” అని బెన్హర్ ట్రాన్సిస్టరు ఆన్ చేశాడు. స్టేషన్ లేని చోట ముల్లు పెట్టి నడిచాడు. ఫ్యాక్టరీ వైపు వెళ్తే మోత తగ్గింది. ఆమె ఇంటివైపు వస్తే పెరిగింది. ఆమె కిటికీ దగ్గర గయ్యిమంది. లోపల గోడకి వేలాడుతున్న కొత్త లాప్‌టాప్ చార్జరు చూపించాడు. షాలిని దాన్ని పీకింది. ట్రాన్సిస్టరు నోరు మూసుకుంది.

“మూన్నెల్లుగా మీ గురుడికి అడ్డు పడింది మీ సార్జరే మేడమ్!”

ఇసుకలో కూరుకుపోదామనిపించింది ఆమెకు. “సారీ అండీ, అనవసరంగా మిమ్మల్ని...”

“సారీ తరవాత. టైమైపోతాది, వినండి ముందు.”

ఐదుకి పది నిమిషాలుందనగా వచ్చింది. హుష్‌మని లేచి, విరిగి, మళ్ళీ లేచి, అచ్చం అలల్లాగే. లాప్‌టాప్ తెరమీద గీత ఎగిసెగిసి పడుతోంది. షాలిని హెడ్‌ఫోన్స్ తీసి అతని చెవికి ఆనించింది.

“ఇది మన సముద్రం కాదా?”

“కాదు. డెబ్భై కోట్ల కిలోమీటర్ల అవతల నుంచి. బయల్దేరి నలభై నిమిషాలయింది.”

బెన్హర్ వేళ్ళమీద లెక్కేశాడు. “అంటే నేను మోటారు ఆపకముందే బయల్దేరీసిందా! నామీద దానికి అంత నమ్మకమేటి?”

షాలిని నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది.

టీ ఫ్లాస్కుతో వచ్చిన అతని తల్లి పరంజ్యోతి ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. “రాత్రంతా కన్ను మూయలేదమ్మా ఈడు. బోట్ల ఓనరు ఎల్లాజీ బావని బతిమాలి, కాళ్ళట్టుకుని ఒప్పించేడు. నాలుగు రోజులుగా ఒకటే జపం, జూపిటర్, జూపిటర్ అని. జూపిటరంటే ఎవరో అమ్మాయనుకున్నాను.”

“అమ్మా, నువ్వెళ్ళు!” బెన్హర్ చెవులు ఎర్రబడ్డాయి.

ఆమె వెళ్ళాక షాలిని మెల్లగా అడిగింది. “మీకు అర్థమే కాని పనికోసం ఎందుకింత కష్టపడ్డారు?”

“అర్థం కాలేదు, నిజమే. కానీ అడిగినప్పుడు మీ మొకం సూసేను. అంత ఇష్టంగా దేన్నయినా అడిగిన మనిషిని నేనిదివరకు సూళ్ళేదు.” అతను ఇసుకకేసి చూస్తూ ఆగాడు. “సోమవారం ఎల్లిపోతన్నారు కదా?”

“గురుడు సాలూరులోనూ వినిపిస్తాడు. పక్కన కూర్చుని వినే మనిషే ఉండడు.”

“నేనొస్తే పక్కన కూసోనిస్తారా?”

“మా నాన్నగారిని అడగండి” అంది షాలిని. తల మాత్రం ఎత్తలేదు.

నెల తిరక్కుండా తల్లీకొడుకులు విజయనగరం వచ్చారు. షాలిని తండ్రి ఆ రికార్డింగు మొదటి నుంచి చివరిదాకా విన్నాడు. కూతురి మొహం చూశాడు. ఇంకేమీ అడగకుండా, “ప్రార్థన చేసుకుందాం” అని లేచి, ఇంత మంచి మనిషిని తమ ఇంటికి పంపినందుకు దేవుడికి కృతజ్ఞతలు చెప్పటం మొదలుపెట్టాడు.

అందరూ కళ్ళు మూసుకున్నారు. షాలిని ఉండబట్టలేక ఒక కన్ను తెరిచింది.

బెన్హర్ రెండు కళ్ళూ తెరిచే ఉన్నాడు.