నవోమి చేతిరాత

"ఇవి అక్షరాలా! మేకులూ గాలాలూ కుప్ప పోసినట్టున్నాయి" అని తెలుగులో గొణుక్కుంటూ ఆ అబ్బాయి పేజీ తిప్పాడు. పాత కాగితం వేయించిన అప్పడంలా చిట్లింది.

"చెయ్యి తియ్యండి!" అంది నవోమి. ఆ మాటా తెలుగులోనే వచ్చేసింది.

అతను ఉలిక్కిపడ్డాడు. అమెరికాలో, సెయింట్ లూయిస్ నగరంలో, ఆ లైబ్రరీలో, తెలుగులో తిట్లు తింటానని అతను అనుకుని ఉండడు.

"మీరు తెలుగువారా?"

"ముందు చెయ్యి తియ్యండి. తర్వాత చెప్తాను."

అది 1983 సెప్టెంబరు. వందేళ్లకు పైగా కిందట ఆ ఊరికి వలస వచ్చిన జర్మన్లు నడుపుకున్న పత్రికలను మైక్రోఫిల్మ్ తీయడానికి సిద్ధం చేయడం నవోమి ఉద్యోగం. చిరుగులు అతికించాలి, సంచికలు వరస పెట్టాలి. సాలూరు జర్మన్ మిషన్‌లో పెరిగిన అమ్మమ్మ దీనమ్మ చిన్నప్పుడే ఆమెకు ఆ భాష నేర్పింది. నవోమి హైదరాబాదులో ఎమ్మే కూడా అందులోనే చేసింది.

అబ్బాయి పేరు జయరాజు. కెమిస్ట్రీలో పీహెచ్‌డీ. డిగ్రీ చేతికి రావాలంటే జర్మన్ చదవగలనని పరీక్ష రాసి చూపించాలి.

"మరి ఈ పాత పత్రికల దగ్గరికెందుకొచ్చారు?"

"మా గుంటూరులో మాస్టారు చెప్పేవారండీ, రోజూ ఇంగ్లీష్ పేపర్ చదివితే ఇంగ్లీషు అదే వస్తుందని. వచ్చింది కూడా. అందుకని జర్మన్ పేపర్ ఇమ్మన్నాను. మీవాళ్లు 1856 నాటిది చేతిలో పెట్టారు."

నవోమి నవ్వు ఆపుకోవాలని చూసింది, కుదరలేదు.

ఆ తర్వాత జయరాజు శనివారం శనివారం వచ్చేవాడు. పత్రికల నిండా ఎన్నికలే. బానిసత్వం ఉండాలనేవాళ్లు, పోవాలనేవాళ్లు. బీరు మానాలనే ఇంగ్లీషు దొరలు, ప్రాణం పోయినా మానమనే జర్మన్లు. పక్క వీధి పత్రిక మీద ఈ వీధి పత్రిక పోసే బురద.

"అచ్చం మన తెలుగు సంఘమే" అన్నాడు ఒక రోజు. "బీరు ఒక్కటే తక్కువ."

"అది కూడా తక్కువేం కాదు. మా నాన్న ఫ్రెండ్స్‌ని చూళ్లేదు నువ్వు."

ఆమె తండ్రి డాక్టర్ ఏసుపాదం. సంఘం పత్రికకు ఎడిటర్. ఆ ఊళ్లో తెలుగు టైపు లేదు. ఎవరేం రాసినా తెల్లకాగితాల మీద నవోమి ముత్యాల్లా దింపేది. వాటిని జిరాక్స్ తీయించి, స్టేపుల్ చేసి, ఆమే పోస్టు చేసేది. సంఘంలో అన్ని ఇళ్లకూ ఆమె చేతిరాత తెలుసు.

"మా అక్క ఇంట్లో ఫ్రిజ్ మీద నీ చేతిరాత ఉంది, తెలుసా? గోంగూర పచ్చడి ఎలా చేయాలో" అన్నాడు జయరాజు. "నిన్ను చూడకముందే రోజూ పొద్దున పాలు తీస్తూ నిన్ను చదివేవాణ్ని."

బయట వాన పడుతోంది. నవోమి జిగురు కుంచెను సీసాలో కాకుండా టీ కప్పులో ముంచింది. ఇద్దరూ చూశారు.

మరో శనివారం ఆమె అతనికి ఒక వింత సంచిక చూపించింది. మొదటి పేజీలో పైనుంచి కిందికి ఒక కాలమ్ మొత్తం తెల్లగా ఉంది.

"అచ్చు పడలేదా?"

"పడనివ్వలేదు. జర్మనీలో తిరుగుబాటు ఓడిపోయాక పారిపోయి వచ్చినవాడొకడు ఎన్నికల్లో నిలబడ్డాడు. తోటివాళ్లను వదిలేసి పారిపోయిన పిరికివాడని ఎడిటర్ వ్యాసం రాశాడు. అక్షరాలు పేర్చేవాడికి అది అబద్ధమని తెలుసు. పేర్చనన్నాడు. వేరే మనిషి దొరికే వేళ కాదు. ఆ చోటు ఖాళీగానే పోయింది. ఇదంతా పక్క వీధి పత్రిక మరుసటి వారం రాసింది."

"ఉద్యోగం?"

"ఉంటుందా?"

జయరాజు ఆ తెల్లని చోటు వంక చాలాసేపు చూశాడు. "వాణ్ని కలవాలనుంది" అన్నాడు.

అతని అక్క వసంతకుమారి నర్సు. తమ్ముణ్ని చదివిస్తున్నది ఆమే. ముందటి చలికాలం ఆమె భర్త గుండెపోటుతో ఇంట్లోనే పోయాడు. ఆమె నైట్ డ్యూటీ నుంచి వచ్చేసరికి చల్లబడిపోయి ఉన్నాడు. దాదాపు ఏడాది పాటు ఎవరింటికీ వెళ్లని మనిషి ఆ అక్టోబరులో సంఘం అధ్యక్ష పదవికి నిలబడింది. నిలబెట్టింది నర్సులు. ఎదుట నిలబడ్డది డాక్టర్ ఏసుపాదం.

ఎన్నికల సంచికకు చివరి రోజున ఏసుపాదం ఒక కాగితం తెచ్చి కూతురి ముందు పెట్టాడు. కింద పేరు లేదు. నవోమి దింపుతూ దింపుతూ ఒక చోట ఆగింది.

"నాన్నా, ఈ వాక్యం అవసరమా?"

"ఎలక్షన్ అంటే అంతే అమ్మా. రాసింది నేను. నువ్వు దింపేదానివి."

ఆమె దింపింది. వాక్యం పొడుగ్గా ఉంది, చోటు చాలలేదు. అక్షరాలు కాస్త చిన్నవి చేసి, అందం చెడకుండా ఒక్క వరసలో ఇమిడ్చింది.

కట్టుకున్నవాడికి కాపు కాయలేని నర్సమ్మ సంఘానికి కాపు కాస్తుందట.

శనివారం జయరాజు వచ్చాడు. కూర్చోలేదు.

"రాసేటప్పుడు చదివారా?"

'నువ్వు' పోయి మళ్లీ 'మీరు' వచ్చింది.

"చదివాను" అంది నవోమి.

చదవలేదంటే బాగుండునని అతని ముఖం అడిగింది. ఆమెకు ఆ అబద్ధం రాలేదు.

"మా అక్క పోల్చుకుంది. ఎవరు రాశారో అడగలేదు. 'ఇది పచ్చడి రాసిన అమ్మాయి చేతే కదరా' అంది. అంతే. ఫ్రిజ్ మీది కాగితం తీసి మడిచి డస్ట్‌బిన్‌లో వేసింది."

"జయరాజ్..."

"ఎవరో ముక్కూ ముఖం తెలియని జర్మన్ కోసం, అక్షరాలు పేర్చుకు బతికేవాడు ఉద్యోగం పోగొట్టుకున్నాడు. ఆ కథ నాకు చెప్పింది మీరే."

అతను వెళ్లిపోయాడు. వసంతకుమారి పోటీ నుంచి తప్పుకుంది. ఏసుపాదం ఏకగ్రీవంగా గెలిచాడు. ఇంట్లో బిర్యానీ వండారు. నవోమి వడ్డించింది.

తర్వాతి సంచికకు ఏసుపాదం రెండో వ్యాసం ఇచ్చాడు. "మాటకు మాట చెప్పలేక తప్పుకున్నవారు" అని శీర్షిక. నవోమి శీర్షికను కూడా దింపలేదు. పత్రికంతా రాసి, ఆ పేజీలో చుట్టూ గీత గీసి, లోపల ఏమీ రాయకుండా వదిలేసింది. తనే జిరాక్స్ తీయించింది. తనే పోస్టు డబ్బాలో వేసింది.

నాలుగో రోజుకి ఇంట్లో ఫోన్ మోగడం మొదలైంది.

"తెల్ల పేజీ ఏమిటని అడుగుతున్నారు" అన్నాడు ఏసుపాదం. కోప్పడలేదు. కోప్పడి ఉంటే ఆమెకు తేలికయ్యేది. "నేనేం చెప్పను?"

"దింపేదానికి చెయ్యి రాలేదని చెప్పండి నాన్నా."

ఆయన ఆమె పెన్నుల డబ్బా తీసుకెళ్లి తన బీరువాలో పెట్టుకున్నాడు. ఆ తర్వాత ఆ పత్రిక రాలేదు. అంత అందంగా రాసేవాళ్లు ఇంకొకరు దొరకలేదని సంఘంలో చెప్పుకున్నారు.

చలికాలమంతా జయరాజు రాలేదు. మార్చిలో, మంచు కరిగి వానలు పట్టిన ఒక శనివారం, తడిసిన కోటుతో వచ్చి బల్ల ముందు నిలబడ్డాడు.

"కోటు నీళ్లు పేపర్ల మీద పడతాయి" అంది నవోమి.

అతను రెండడుగులు వెనక్కి వేశాడు.

"జర్మన్ పాసయ్యాను."

"సంతోషం."

"ఆ తెల్ల పేజీ వచ్చిన రోజే రావాలనుకున్నాను. అక్క ముఖం చూసి రాలేకపోయాను. దాన్ని ఆమె పారెయ్యలేదు, చింపలేదు. బైబిల్లో పెట్టుకుంది. నిన్న అడిగాను, ఎందుకక్కా అని."

"ఏమన్నారు?"

"'మీ బావ పోయినప్పుడు వచ్చినవాళ్లందరూ ఏదో ఒకటి చెప్పి వెళ్లారు. ఏమీ అనకుండా ఒక్కరైనా పక్కన కూర్చుంటే బాగుండుననిపించింది. ఆ పిల్ల ఆలస్యంగా వచ్చినా కూర్చుంది' అంది."

నవోమి ముందున్న చిరుగుకు జిగురు రాసింది.

"నవోమీ, నువ్వంటే నాకిష్టం. కోపం పోయాక చెబుదామని ఆగాను. పోలేదు. అది ఉండగానే చెప్తున్నాను."

"మీ అక్క?"

"చేసుకోమంది. చర్చికి కూడా వస్తానంది. ఒక్క మాట మాత్రం..." అతను ఆగాడు. "శుభలేఖ నీ చేత్తో రాయించొద్దంది. ఆ అక్షరాలు మళ్లీ తన ఇంటికి రావొద్దని."

వాన కిటికీల మీద కొడుతోంది. నవోమి తన కుడిచేతిని బల్ల మీంచి తీసి ఒళ్లో పెట్టుకుంది.

"మరి ఎవరు రాస్తారు?"

"నేను."

"నీ రాత కోడి గీరినట్టుంటుంది."

"తెలుసు."

"ఒక్కరికీ అర్థం కాదు."

"కాకపోనీ" అన్నాడు జయరాజు. కోటు విప్పి దూరంగా తగిలించి వచ్చి, ఆమె పక్కన కూర్చున్నాడు.

ఇద్దరూ ఏమీ మాట్లాడలేదు.