నీలం కర్చీఫ్

2012 అక్టోబర్. నారాయణగూడ ఫ్లైఓవర్ దగ్గరి ఇరానీ హోటల్లో, ఉదయం ఏడు పదికి, ఏజెంట్ పెద్దులు చాయ్‌లో బిస్కెట్ ముంచుతుండగా వెనకనుంచి ఎవరో గొంతు కోశారు. బిస్కెట్ విరిగి కప్పులో పడింది. తర్వాత రక్తం.

ఏడున్నరకు కరుణాకర్ వచ్చి సహచరుడి శవాన్ని చూశాడు. అతనికి ఆకలి వేసింది. ఎప్పుడూ అంతే. భయం అతని దగ్గరికి ఆకలి వేషంలో వచ్చేది. పదకొండేళ్ళ సర్వీసులో ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు.

ఫోన్లో చీఫ్ శ్రీరామమూర్తి.

"స్నేహలత ఎక్కడ?"

"లైబ్రరీలో ఉంటది సార్. పోతున్న."

"విను. ఆ అమ్మాయి ఆఫ్రికాలో సహాయ శిబిరం నర్సు. గోధుమ బస్తాల్లో రైఫిళ్ళు చూసింది. వాటితో నలభైమందిని కాల్చడం కూడా చూసింది. పదింటికి వీడియోలో మూడు దేశాల విచారణ బృందానికి చెప్పాలి. చెబితే మూడు దేశాలూ కలిసి ఆ రైఫిళ్ళు పంపే ముఠా ఓడను ఆపుతాయి. లేదంటే పదకొండుకి రేవు దాటుతుంది. ఇంకో ఊరు పోతుంది."

"కాపలా?"

"వందన. ఇరవై రోజులుగా స్టూడెంట్ వేషంలో అదే హాల్లో కూర్చుంటోంది. స్నేహలతకు కూడా తెలియదు. రోజూ రిపోర్టు వస్తోంది. నిన్న పెద్దులు చెక్ చేయడానికి వెళ్ళాడు. ఏం చూశాడో చెప్పకముందే చంపేశారు. కోడ్ రాసుకో. 'పోయినేడు పేపర్ ఉందా?' జవాబు, 'కీ లేదు.'"

చిక్కడపల్లి లైబ్రరీ రీడింగ్ హాల్లో సగం కుర్చీల్లో మనుషులు లేరు. కర్చీఫులు, నీళ్ళ సీసాలు ఉన్నాయి. అశోక్‌నగర్ హాస్టళ్ళవాళ్ళు సీట్లు పట్టుకుని టిఫిన్‌కు పోయారు. కరుణాకర్ మూడేళ్ళు ఇక్కడే చదివాడు. గ్రూప్-టూ మూడుసార్లు పోయింది.

కిటికీ పక్కన స్నేహలత, నోట్‌బుక్ మీద వంగి.

సెంటు వాసనతో ఒకామె లోపలికి వచ్చింది. తెల్ల చుడీదార్, నల్ల కళ్ళద్దాలు. తలలన్నీ లేచాయి.

"పోయినేడు పేపర్ ఉందా?" కరుణాకర్ అడిగాడు.

"కీ లేదు," వందన నవ్వింది. "కారు బయట ఉంది. అమ్మాయిని నేను తీసుకెళ్తాను. మీరు వెనక గేటు చూడండి."

స్నేహలత పక్క కుర్చీలో నీలం కర్చీఫ్ ఉంది. వందన దాన్ని రెండు వేళ్ళతో తీసి పక్కన పడేసి కూర్చుంది.

వెనకనుంచి ఒకమ్మాయి అరిచింది. "ఓ అక్కా! గది మా నవనీత సీటు. కర్చీఫ్ కనవడ్తలేదా?"

"ఖాళీగానే ఉందిగా?"

కరుణాకర్‌కు ఆకలి వేసింది.

అర్థం ఆ తర్వాత వచ్చింది. ఇక్కడ ఒక్కపూట చదివినవాళ్ళు తలలైనా తీస్తారు గాని కర్చీఫ్ తీయరు. వందన ఈ హాల్లో ఒక్కరోజూ కూర్చోలేదు. నిన్న పెద్దులు చూసింది ఆమె ఖాళీ కుర్చీ. రోజూ వచ్చిన రిపోర్టులు అబద్ధం, ఆమె ముఠా మనిషి.

అతని ముఖంలో ఆమె అదంతా చదివేసింది. బ్యాగులోంచి పెన్ను తీసి స్నేహలత మెడకు గురిపెట్టింది. అతను ఉరికి అరచెయ్యి అడ్డుపెట్టాడు. పెన్ను పేలింది. బుల్లెట్ అరచేతిని చీల్చి నోట్‌బుక్‌లో దిగింది.

రెండో చేత్తో ఆమె జుట్టు పట్టి తలను టేబుల్‌కేసి కొట్టాడు. మళ్ళీ కొట్టాడు. మూడోసారి అక్కర్లేదు. కొట్టాడు. కడుపు నిండినట్టయింది. ఆ తృప్తికి అతనే జంకాడు. వందన మళ్ళీ లేవలేదు.

వందన కారు డ్రైవర్ కత్తితో గుమ్మంలోంచి దూకాడు. కరుణాకర్ ఎడంచేత్తో పిస్టల్ తీసి రెండుసార్లు కాల్చాడు. డ్రైవర్ పేపర్ల స్టాండును లాక్కుంటూ కూలాడు. ఆనాటి వార్తలు ఎర్రగా తడిశాయి.

స్నేహలత నోట్‌బుక్ తీసింది. అందులో రాసుకున్న, చచ్చిపోయిన నలభైమంది పేర్ల మధ్య పెద్ద రంధ్రం.

"ఖరాబైందా?" అన్నాడు.

"ఇరవై రోజులు గవే చదివిన అన్నా. అన్నీ నోటికొస్తయి. నడువుండ్రి."

గాంధీనగర్ ఆఫీసులో పదికి నిమిషం ముందు కెమెరా వెలిగింది. ఆమె ఒక్కొక్క పేరే చెప్పింది. ఎక్కడా ఆగలేదు. పదకొండుకు రెండు నిమిషాలుండగా చీఫ్ ఫోన్ పెట్టేసి, "ఓడ ఆగింది," అన్నాడు.

కట్టు కట్టించుకుని కరుణాకర్ సాక్ష్యంగా ఆ పెన్ను కోసం మళ్ళీ హాలుకు వచ్చాడు. పోలీసులు కట్టిన టేపు లోపల, వందన కూర్చున్న కుర్చీ మీద రక్తం ఇంకా ఆరలేదు. దాని మీద ఎవరో పేపర్ పరిచి, పేపర్ మీద నీలం కర్చీఫ్ వేసి టిఫిన్‌కు పోయారు.

కరుణాకర్ దాన్ని ముట్టుకోలేదు.