అత్తయ్యకు వదిలిన చోటు

ఆ ఇంట్లో రోజూ అందరికన్నా ముందు మేలుకునేది వంటగదే. కుళాయి కింద గిన్నె మోగుతుంది, మూత జారుతుంది, చాకు చెక్క మీద టకటకలాడుతుంది. పిచ్చుక చిన్నప్పటినుంచీ ఆ చప్పుళ్లతోనే నిద్ర లేస్తోంది. పిచ్చుక అన్నది నానమ్మ పెట్టిన పేరు. పుట్టినప్పుడు గుప్పెడంత ఉండేదట, మాటలొచ్చాక మాత్రం బుట్టెడు మాట్లాడేదట. నానమ్మ పోయి రెండేళ్లయినా ఆ పేరు పోలేదు. చిత్రకళ కాలేజీలో ఆఖరి ఏడాదికొచ్చినా ఇంట్లో ఆమె పిచ్చుకే.

మర్నాడే కాలేజీలో ప్రదర్శన. లోకం కళ్లెదుటే ఉన్నా ఎవరికీ పట్టని సంగతి ఒకటి తీసుకోవాలి, దాన్ని రంగులూ కుంచెలూ లేకుండా చెప్పాలి. అది మాస్టారు పెట్టిన షరతు. ఒకడు నీళ్ల కరువు మీద చిల్లుల బిందెలు పేరుస్తున్నాడు. ఒకమ్మాయి అద్దె ఇళ్లు మారి మారి అలసిపోయిన వాళ్ల తాళంచెవులు వేలాడదీస్తోంది. పిచ్చుక ఇంటి చాకిరీని ఎంచుకుంది. ఒక పొయ్యి, ఒక సింకు, నాలుగు గిన్నెలు పెట్టి మనిషి లేని వంటగది కట్టింది. పెద్ద గిన్నెలో దాచే స్పీకరులోంచి పని చప్పుళ్లూ ఒక ఆడగొంతూ వినిపిస్తాయి.

ఆ గొంతు అమ్మది. అమ్మకు మాత్రం ఆ సంగతి తెలియదు. డబ్బాల వెనక ఫోను పెట్టి కొన్నాళ్లుగా గుట్టుగా రికార్డు చేసింది పిచ్చుక. ముందే చెబితే అమ్మ ఫొటోకు నిలబడ్డట్టు బిగుసుకుపోతుందని ఆమె భయం.

గుట్టు రట్టు చేసింది పొడుగమ్మాయి. స్పీకరు పట్టుకెళ్దామని వచ్చిన ఆ స్నేహితురాలు, పనిచేస్తోందో లేదో చూద్దామని హాల్లోనే నొక్కేసింది.

"వస్తున్నా వస్తున్నా. ఎన్నని చూడను, రెండు చేతులేగా. అది కూడా నా తప్పేనా. సరే కానివ్వండి. మళ్లీ మొదటికొచ్చారా. నన్ను కాసేపు వదిలేయండి బాబూ."

టీ కప్పులు పట్టుకుని వస్తున్న అమ్మ గుమ్మంలోనే ఆగిపోయింది. పొడుగమ్మాయి మాత్రం మురిసిపోతూ, "ఆంటీ, మీ గొంతు విని మా మాస్టారు కదిలిపోయారు తెలుసా? చాకిరీలో చితికిపోయిన మనిషి గోడు, ఊపిరి తీసుకోవడానికి కూడా తీరికలేదు అన్నారు!" అంది.

అమ్మ కప్పులు బల్లమీద పెట్టి లోపలికి వెళ్లిపోయింది. ఆ తరువాత వంటగదిలోంచి చప్పుడు లేదు. గిన్నెలు దించుతోంది, మూతలు పెడుతోంది, కానీ దొంగలా, ఏదీ మోగకుండా. కళ్లద్దాల షాపుకు బయలుదేరుతున్న నాన్న, "ఏమోయ్, ఇంట్లో ఉన్నావా?" అని వంటగదిలోకి తొంగి చూసి, జవాబు రాక తల గోక్కుంటూ వెళ్లిపోయాడు. పొడుగమ్మాయి కూడా జారుకుంది.

పిచ్చుక వంటగది గుమ్మం దగ్గర నిలబడింది.

"అమ్మా, నీ కష్టం నలుగురికీ తెలియాలనే కదా..."

"అడిగావా నన్ను?" అమ్మ వెనక్కి తిరగలేదు. "అడిగితే నీ సొమ్మేం పోయేది?"

"తప్పే. కానీ అందులో అబద్ధమేముంది? పొద్దుట లేచింది మొదలు నీలో నువ్వే సణుక్కుంటూ..."

"సణుగుడా?" అమ్మ ఇప్పుడు తిరిగింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. "చాకిరీ ఉంది, లేదనను. దాని గురించి దెబ్బలాడాలంటే మీ నాన్న మొహానే దెబ్బలాడతాను, ఈ డబ్బాలతో చెప్పుకుంటానా? నేను మాట్లాడేది మీ నానమ్మతో."

పిచ్చుక గుమ్మం దాటి లోపలికి వచ్చింది.

"ఒక మాట అని ఆగుతాను. ఆవిడేమంటుందో నాకు తెలుసుగా, వింటాను. మళ్లీ నేనంటాను. నీ దాంట్లో నేను ఆగడమే లేదు. పిచ్చిదానిలా వాగుతూనే ఉన్నాను. ఆ మధ్యలోవన్నీ ఏమయ్యాయి?"

"ఖాళీగా ఉన్నాయని... కోసేశానమ్మా."

"ఖాళీ కాదే పిచ్చిమొహమా! అవి అత్తయ్య మాటలు."

గుమ్మం పక్కన నానమ్మ పీట ఇంకా అలాగే ఉంది. మోకాళ్లు పట్టేశాక నానమ్మ దానిమీదే కూర్చుని ఉల్లిపాయలు తరుగుతూ కోడలిని ఆటపట్టించేది. కోడలూ తక్కువ తినలేదు. ఒక సన్నగొంతు, ఒక లావుగొంతు. ఉప్పూనిప్పులా చిటపటలాడుకుని, అంతలోనే పకపకా నవ్వుకునేవాళ్లు. ఆ రెండు గొంతులూ వింటూ దుప్పటిలో మరికాసేపు ముడుచుకోవడం ఎంత హాయిగా ఉండేదో! ఆ హాయంతా పిచ్చుకకు ఒక్కసారిగా గుర్తొచ్చింది.

"తీసేస్తానమ్మా. చప్పుళ్లే ఉంచుతాను. నీ గొంతు వినిపించదు."

అమ్మ మళ్లీ పొయ్యి వైపు తిరిగింది. పిచ్చుక గదిలోకి వెళ్లి, కోయని రికార్డు పెట్టుకుని కూర్చుంది. అమ్మ మాట, తరువాత పొయ్యి మీద ఉడుకుతున్న చప్పుడు, ఆ తరువాత అమ్మ నవ్వు. ఆ నవ్వును కూడా తాను కోసేసింది! పని కష్టం చెప్పాలనే ఆత్రంలో అది అడ్డుగా తోచింది మరి. దాని మీద చెయ్యి వేయలేక అలాగే ఏడుస్తూ వింది. ఎప్పుడొచ్చిందో, అమ్మ తలుపు దగ్గర నిలబడి ఉంది.

"అత్తయ్యను కోయకుండా పెడతానంటే పెట్టుకో," అంది.

మర్నాడు ప్రదర్శనకు అమ్మానాన్నా ఇద్దరూ వచ్చారు. మనిషి లేని వంటగది ముందు జనం గుమిగూడారు. అమ్మ గొంతు ఆగిన మొదటిసారి కొందరు స్పీకరు పాడైందనుకుని పక్కకు జరిగారు. రెండోసారి ఆగేసరికి ఎవరూ కదల్లేదు. ఎవరో జవాబు చెబుతారన్నట్టు ఆ గిన్నెల వైపే చూస్తూ నిలబడ్డారు. మాస్టారు కూడా వాళ్లలో ఒకరు.

"ఏమంటారు అత్తయ్యా, ఉప్పు వేశానా, లేదా?" అంది గిన్నెలోని గొంతు.

పొయ్యి చప్పుడు. నిశ్శబ్దం.

"వేశావు పిల్లా, రెండుసార్లు వేశావు," అన్నాడు నాన్న. మెల్లగా, అచ్చం వాళ్లమ్మలాగే సాగదీస్తూ.

"చాల్లెండి! ఒక్కసారి మరిచిపోతే ఏళ్ల తరబడి దెప్పుతారు," అని గిన్నెలోని గొంతు పకపకా నవ్వింది.

అమ్మ గిరుక్కున తిరిగి నాన్న వైపు చూసింది. "మీకెలా తెలుసండీ?"

"హాల్లో పేపరు అడ్డం పెట్టుకుని రోజూ వినేవాణ్ణిగా." నాన్న కళ్లద్దాలు తీసి చొక్కాకు తుడుచుకున్నాడు. "అమ్మ పోయాక కూడా నువ్వు ఆగినప్పుడల్లా, ఇప్పుడేమనేదో అని నాలో నేనే అనుకునేవాణ్ణి. లోపలికొస్తే నువ్వు మాట్లాడటం మానేస్తావేమోనని రాలేదు."

"రావాల్సింది," అంది అమ్మ. అంతమందిలోనూ కొంగుతో మొహం కప్పుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. పిచ్చుక వెళ్లి ఇద్దరినీ చుట్టేసుకుంది.

మరుసటి ఉదయం కూడా వంటగదే ముందు మేలుకుంది. కుళాయి కింద గిన్నె మోగింది. తరువాత కొత్తగా ఇంకో చప్పుడు: పీట జరుగుతున్నట్టు.

"ఏమోయ్, ఇవి సన్నగా తరగాలా, లావుగానా?"

"అంత లావు ముక్కలు ఉడికేసరికి మన పిచ్చుకకు మనవలు పుడతారు. ఇలా ఇవ్వండి."

"ఇవ్వను. చూపించు, నేర్చుకుంటాను."

పిచ్చుక దుప్పటి మీదికి లాక్కుని, కళ్లు మూసుకుని వింది. ఫోను పక్కనే ఉన్నా దాన్ని ముట్టుకోలేదు.