సన్నదారి దగ్గర ఆగిన మనిషి

"కంగారు పడకండి, రెండే నిమిషాలు!"

వెనకనుంచి ఆ మాట వినపడగానే ఆమె టక్కున ఆగిపోయింది. ముఖం ఎప్పుడూ చూడలేదు గానీ, ఆ గొంతుని మాత్రం చచ్చినా మర్చిపోదు.

ఆమె ఆస్పత్రి లాబ్‌లో రక్తపరీక్షలు చేస్తుంది. అంతకు ముందు వారమే అక్కడి లిఫ్టు రెండంతస్తుల మధ్య ఇరుక్కుపోతే, తలుపు అవతలనుంచి ఇదే గొంతు ఇదే మాట చెప్పింది. నలభై నిమిషాల పాటు చెప్పింది.

వెనక్కి తిరిగి చూస్తే, కొండబాట పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, ఎవరో పెద్దావిడ తెగిన చెప్పుకి పిన్నీసు పెడుతున్నాడు ఒక బక్కపల్చటి మనిషి.

"మీ లెక్కలో రెండు నిమిషాలంటే ఎంతసేపండీ?" అని అడిగింది.

అతను తలెత్తి చూశాడు. "మీరు... మూడో నంబరు లిఫ్టా?"

"మనిషినండీ! అందులో ఇరుక్కున్న మనిషిని!"

"గుర్తుపట్టాను లెండి. ఆరోజు లోపలినుంచి తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టింది మీరేగా!"

చెప్పు బాగుచేయించుకుంటున్న పెద్దావిడ పకపకా నవ్వింది. ఆమెకీ నవ్వాగలేదు.

అది నాలుగేళ్ళ కిందటి మాట.

ఆ తర్వాత ఏడాది పాటు ప్రతి ఆదివారమూ వాళ్ళదే. పొద్దున్నే మొదటి బస్సు పట్టుకుంటే గంటలో ఆ కొండ పార్కు గేటు. అక్కడినుంచి రాళ్ళ మీద వేసిన పసుపు గుర్తులు చూసుకుంటూ నడక. వాగు దాకా వెళ్ళి నీళ్ళలో కాళ్ళు పెట్టుకుని కూర్చునేవారు. పైకి వెళ్దామని ఆమె ఎప్పుడన్నా, "ఈ వాగు కన్నా పైన ఏముంటుందండీ!" అని మాట దాటేసేవాడు.

ఓసారి వాన పట్టుకుంది. ఇద్దరికీ కలిపి ఒక్కటే రెయిన్‌కోటు. మీరు వేసుకోండంటే మీరు వేసుకోండని వాదులాడుకుని, చివరికి ఇద్దరూ తడిసి ముద్దయ్యారు. రెయిన్‌కోటు మాత్రం సంచిలో పొడిగా ఉంది. బస్సులో ఒకరినొకరు దొంగచూపులు చూసుకుంటూ, చూపులు కలిసినప్పుడల్లా కిటికీ వైపు తిరిగేవారు. ఒక్క కిటికీకి ఎంత పని పెట్టారో!

మనసులో మాట మాత్రం అతను చెప్పలేదు.

ఇంతలో ఆమెకి వేరే ఊళ్ళో పెద్ద లాబ్‌లో మూడేళ్ళ ఉద్యోగం వచ్చింది. ఆఖరి ఆదివారం ఇక ఉండబట్టలేక తనే అనేసింది.

"ఏడాదిగా మీ నోట్లో ఏదో మాట నానుతోంది. ఇవాళ శిఖరం దగ్గర చెప్పండి. నేను ముందెళ్ళి కూర్చుంటాను."

చకచకా ఎక్కేసింది. శిఖరానికి కాస్త ముందు దారి సన్నబడుతుంది. ఒక పక్క నిలువు బండ, ఇంకో పక్క లోయ. అదీ దాటి పైకి చేరి, దూరంగా పొగలా కనిపించే నగరాన్ని చూస్తూ గంటన్నర కూర్చుంది. అతను రాలేదు.

రాకపోవడమే జవాబనుకుంది. కళ్ళు తుడుచుకుని, కొండకి అవతలి వైపు మెట్ల మీదుగా దిగిపోయింది. ఆ సాయంత్రం ఫోను రెండుసార్లు మోగింది. ఎత్తలేదు.

మూడేళ్ళూ గడిచి మళ్ళీ పాత ఆస్పత్రికే వచ్చింది. పిన్ని ఇంట్లోనే ఉంటోంది. పిన్ని వారానికో పెళ్ళి సంబంధం తెస్తోంది. వాటినుంచి తప్పించుకుందామని ఓ ఆదివారం పార్కుకి బయల్దేరితే, "నేనూ వస్తా" అని పిన్ని వెంటపడింది. తీరా వచ్చాక, మోకాళ్ళ నొప్పులని కింద బెంచీ మీదే చతికిలబడింది.

ఆమె ఒక్కతే ఎక్కింది. వాగు దాటింది. ఏ రాయి దగ్గర ఏం మాట్లాడుకున్నారో అన్నీ గుర్తుకొస్తున్నాయి. సన్నదారి మలుపు తిరిగేసరికి, బండకి వీపు ఆనించి, కళ్ళు గట్టిగా మూసుకుని కూర్చుని ఉన్నాడు ఒక మనిషి.

"మీరా!"

అతను కళ్ళు తెరిచాడు. లేవలేదు. "లేవలేనండీ. ఏమీ అనుకోకండి."

"దెబ్బ తగిలిందా?"

"లేదు. భయం."

హాస్యమాడుతున్నాడనుకుంది. కానీ అతని వేళ్ళు రాతిని పట్టుకుని తెల్లబడి ఉన్నాయి.

"ఇరవై అంతస్తుల మీద లిఫ్టులు బాగుచేసేవాళ్ళు, మీకు భయమా?"

"అక్కడ నాలుగు పక్కలా గోడలుంటాయండీ. ఇక్కడ ఈ పక్కన ఏముంది, చెప్పండి!"

ఆమె వంగి అతని ముఖంలోకి చూసింది. "అయితే ఆరోజు..."

"ఆ మలుపు దాకా వచ్చి ఆగిపోయాను. అరుద్దామంటే నోరు పెగల్లేదు. ఎలాగూ ఇటే దిగుతారు, అప్పుడు చెబుదామని సాయంత్రం దాకా కూర్చున్నాను."

అవతలి మెట్లు గుర్తొచ్చాయి ఆమెకి. మోగి మోగి ఆగిన ఫోనూ గుర్తొచ్చింది.

"తర్వాతైనా చెప్పచ్చుగా! ఒక్క ఉత్తరం ముక్క..."

"లిఫ్టు మెకానిక్కుకి ఎత్తంటే భయమని ఏ ముఖం పెట్టుకుని రాయను?"

"మరి ఇప్పుడెందుకొచ్చారు?"

"నెలకోసారి వస్తూనే ఉన్నాను. పోయినేడు మలుపు దాటి ఆ పొద దాకా రాగలిగాను. ఇవాళ ఇక్కడికి. ముందు ఎక్కడం వస్తే, అప్పుడు ధైర్యంగా మిమ్మల్ని వెతుక్కుంటూ రావచ్చని..."

ఆమె వచ్చి అతని పక్కనే, లోయ వైపున కూర్చుంది. తప్పంతా అతనిదేనని ఇన్నాళ్ళూ మోసిన కోపం ఎటు పోయిందో! దాని చోట సిగ్గు మిగిలింది. కోపంలో ఒక్కసారి వెనక్కి తిరిగి చూడలేదు తను.

"ఈ పక్కన నేనున్నాను. ఇప్పుడు చెప్పండి."

"పైన కదా చెప్పమన్నారు?"

"ఇక్కడే చెప్పండి."

అతను గొంతు సవరించుకున్నాడు. "మీరు వెళ్ళాక ఆదివారమొస్తే చాలు, దిక్కు తోచేది కాదండీ. మీరంటే నాకు ప్రాణం. నన్ను పెళ్ళి చేసుకుంటారా? పైకొచ్చి అడగమంటే లేస్తాను, కాస్త టైమివ్వండి..."

లేవబోయాడు కూడా. ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది.

"లేవకు. చేసుకుంటాను. కూర్చో."

ఆ "మీరు" ఎప్పుడు "నువ్వు" అయిందో ఇద్దరూ గమనించలేదు.

పట్టుకున్న చెయ్యి వదలకుండానే కిందికి దిగారు. బెంచీ మీద కూర్చున్న పిన్ని ముందు ఆ చేతుల్ని చూసింది. తర్వాత అతన్ని ఎగాదిగా చూసింది.

"ఎవరే ఇతను?"

"లిఫ్టులు బాగుచేస్తానండీ," అన్నాడతను కంగారుగా.

"ఎవరంటే పనేమిటో చెబుతాడేమిటే! నీకు నచ్చాడా?"

"నాలుగేళ్ళ నుంచీ పిన్నీ."

"నాలుగేళ్ళ నుంచీ నచ్చినవాణ్ణి కొండ మీద దాచి పెట్టి, నాచేత ఇన్ని సంబంధాలు వెతికించావా!" అంటూ పిన్ని ఆమె నెత్తిన ఒక్క మొట్టికాయ వేసింది. తర్వాత పక్కకి జరిగి, అతనికి చోటిచ్చి, ఫ్లాస్కులోంచి కప్పులో టీ పోసి అందించింది. అందుకునే చెయ్యి ఇంకా వణుకుతూనే ఉంది.

"ఏం బాబూ, నన్ను చూస్తే అంత భయమా?"

"మిమ్మల్ని చూసి కాదండీ. ఎత్తంటేనే..."

పిన్ని ఓ క్షణం అతని వంక చూసింది. ముఖమంతా నవ్వు పరుచుకుంది.

"అయితే దిగుల్లేదు. మాది గ్రౌండ్ ఫ్లోరే. వచ్చే ఆదివారం మీ పెద్దవాళ్ళని తీసుకుని వచ్చెయ్యి."