కల్లుల నానిన కార్జం

గీ ముచ్చట్ల ఒక్క పొల్లు మాటున్నా నా నోట్ల మిగిలిన మూడు పండ్లు గిప్పుడే మీ ఒడిల రాలాలె. ముసలిది అన్నీ పెంచి చెప్తదని ఊరంత అంటది. అననియ్యుండ్రి. వాన సంగతి జర పెంచితె పెంచుతగని, బుచ్చవ్వ సంగతి మాత్రం ఉన్నదున్నట్టే చెప్త.

మా ఊరు హుజూరాబాద్‌కు రెండు కోసుల దూరం. తెలంగాణ ఆంధ్రల కలిసే ముందటేడు అది. ఆ ఏడు వాన ఎంత కొట్టిందంటె గొర్రెల ఈపుల మీద గడ్డి మొలిచింది, కప్పలు తడువలేక మా ఇండ్లల్ల జొచ్చినయి. చెరువు అంచున బురదగడ్డి మేసిన గొర్రెలకు దవుడ కింద నీరు దిగి, ఒక్కొక్కటే కూలబడ్డయి.

బుచ్చవ్వ కురుమోళ్ల కోడలు. ఆమె మొగడు రాజం, గొర్లకాపరి. రాజం అన్న అంజన్న పెండ్లాం పిల్లలు లేనోడు, వాళ్ల ఇంట్లనే ఉండేటోడు. యాట కోసిన్నాడు అంజన్న కార్జం ముక్కలు పులిసిన కల్లుల ఏసి, ముంత మీద మూతబెట్టి, రాత్రంత నానబెట్టేటోడు. తెల్లారి ఉప్పు కారం అద్దుకొని పచ్చిగనే మింగేటోడు.

“బావా, పొయ్యి మీద ఒక్క ఉడుకు రానియ్యరాదు” అని బుచ్చవ్వ నాలుగేండ్లు మొత్తుకున్నది.

“కల్లుల నానితె ఉడికినట్టే పిల్లా. ఆ ఘాటుకు పురుగు బతుకుతదా?” అనేటోడు అంజన్న. ఆమెను ‘పిల్లా’ అని ఆయనొక్కడే పిలిచేటోడు.

నాలుగేండ్లకు ఆయన గొంతు పట్టింది. లోపల ఏదో అడ్డంబడ్డట్టు ‘ఖ్ఖ్... ఖ్ఖ్...’ అని పొద్దంత సవరించుకునుడే. మాట బొంగురుపోయింది. కండ్లు పసుపు కొమ్ములైనయి. కడుపు మా ధాన్యం గుమ్మి కన్న పెద్దగ ఉబ్బింది. మాఘమాసంల పోయిండు.

ఆయన పోయినంక వచ్చిన ఆ పెద్ద వానలల్లనే పశువుల డాక్టరు వచ్చి సచ్చిన గొర్రె కార్జం కోసి చూపించిండు. గుమ్మడి గింజంత జలగలు, చదునుగ, ముడుచుకుంట సాగుకుంట కదులుతున్నయి. బుచ్చవ్వ లెక్కకు పద్దెనిమిది, నా లెక్కకు పద్దెనిమిది వందలు. “బాగ ఉడికియ్యకుంట నోట్ల పెట్టకుండ్రి” అని చెప్పి పోయిండు.

“ఆయన పప్పు తినేటోడు. ఆయనకేం ఎరుక?” అన్నడు రాజం.

ఇగ పెత్రమాస వచ్చింది. సచ్చిపోయిన పెద్దలకు ఇష్టమైంది వండిపెట్టే దినం గద. వాళ్ల ఇంట్ల పద్ధతి ఏందంటె, నడిమి అర్రల ఇస్తారి ఏసి, సచ్చినాయనకు నచ్చింది వడ్డించి, తలుపు దగ్గరేసి అందరు బయటికి రావాలె. చుట్ట తాగినంత సేపు లోపలికి పోవద్దు. తర్వాత ఆయన ఎనుక పుట్టిన తమ్ముడు అదే ఇస్తారిల కూసొని తినాలె. ఆకు ఉత్తగ లేపొద్దు. అంజన్నకు నచ్చింది ఏందో మీకు తెలిసిందే. తినవలసింది రాజం.

“ఉడికిచ్చి పెడత” అన్నది బుచ్చవ్వ.

“మా అన్న ఉడికింది ముట్టిండా ఏనాడన్న?”

“ముట్టనందుకే గద మట్టిల ఉన్నడు!”

“నోరు మూయే. రాత్రంత కల్లుల నానింది, ఏం గాదు.”

“నీకేమన్న అయితె?”

“అయితె వచ్చే పెత్రమాసకు నాకు గూడ ఓ ఇస్తారి ఎయ్యి” అని నవ్విండు రాజం.

ఆ నవ్వుకు బుచ్చవ్వ కడుపు మండింది. చెప్పి చెప్పి ఒగల్ని సాగనంపింది, ఇంకొకన్ని సాగనంపదలుచుకోలే. మొగడు వాకిట్ల సూరు కింద కూసోంగనే, ముంతల ముక్కలు గంజుల ఏసి పొయ్యి మీద పెట్టింది. తడి కట్టెలు. ఊదంగ ఊదంగ పొగకు కండ్లు ఉబ్బినయి. ముక్కలు బూడిద రంగుకు తిరిగి చెప్పు తోలు లెక్క గట్టిపడ్డంక దించి, యాట నెత్తురు పైనపైన పూసింది. చూస్తె పచ్చియే అనుకోవాలె. ఉప్పు కారంతోని ఇస్తారిల పెట్టి, తలుపేసి బయటికొచ్చింది.

మధ్యాహ్నం పూట. సన్నగ ముసురు. సూరు నీళ్లు టపటప కారుతున్నయి.

‘ఖ్ఖ్...’

మొగడు సవరించుకున్నడనుకున్నది. గని రాజం ఎదురుంగనే ఉన్నడు, నోట్ల చుట్ట పెట్టుకొని. సప్పుడు ఎనుక నుంచి వచ్చింది... తలుపవతల నుంచి.

జర తలుపు తీసి చూసింది. అర్రల ఎవ్వరు లేరు. ముక్కను ఏలుతోని ఒత్తింది. మెత్తగ... ఏలు లోపలికి దిగింది. నెత్తురు కారింది.

“తడి కట్టెలు పాడుగాను, సరిగ ఉడుకలేదు” అని తనకు తనే సర్ది చెప్పుకొని, ముక్కలు మళ్ల గంజుల ఏసింది. ఇంటి పెంకులు రాలేటట్టు మంట పెట్టింది.

“చుట్ట అయిపోయిందే! ఆకలైతుంది!” రాజం అరిచిండు.

“మీ అన్న ఇంక తినలే! ఆగు!”

ఈసారి గంటెతోని కోసి చూసింది. లోపల దాక ఉడికింది. మళ్ల పెట్టింది. మళ్ల తలుపేసింది. తలుపు సందుల నుంచి పులిసిన కల్లు వాసన మెల్లగ వచ్చింది. ముంత ఎప్పుడో కడిగి బోర్లించింది... కల్లు యాడిది?

తీసింది.

ముక్కలు ఎర్రగ... తడిగ... అప్పుడే కోసినట్టు. ఒక ముక్క అంచున గుమ్మడి గింజంతది... ముడుచుకున్నది. సాగింది.

బుచ్చవ్వకు భయం కన్న ముందుగల కోపం వచ్చింది. మూడోసారి ఉడికిచ్చింది. ఈసారి బయటికి పోలే. పద్ధతి పాడువడనీ అని లోపల్నే కూసొని తలుపు గడె పెట్టింది.

“బావా!” అన్నది గుసగుసగ. “బతికున్నన్ని దినాలు చెప్తె ఇనలే. సచ్చినంక గూడ ఇనవా? నా రెక్కలు పడిపోయినయి. కట్టెలు ఒడిసినయి. ఎన్నిసార్లు ఉడికియ్యాలె నీకు?”

 వాన గూడ ఆగినట్టయింది.

ఆమె చెవు పక్కకే... తడి ఊపిరి.

“పిల్లా... పచ్చిగనే...”

“తిను. తిని పో. ఆయనను మాత్రం ఇడిచిపెట్టు.”

“ఎట్ల తినాలె పిల్లా... నాకు గొంతు లేదు...” ‘ఖ్ఖ్...’ “వానిది ఉన్నది గద...”

బుచ్చవ్వ ఒక్క ఉరుకు ఉరికింది. ఇస్తారిల ముక్కలన్ని పిడికిట్ల పట్టుకున్నది. చల్లగ ఉన్నయి, పొయ్యి మీంచి దించి చుట్ట సేపు గూడ కాలే. పిడికిట్ల మెసిలినయి. గడె తీసి, తీసుకపోయి పొయ్యిల కొట్టింది. కాలిన కార్జం వాసన రాలే. ఇల్లంత కల్లు వాసన... బుగ్గి అయ్యేదాక కట్టెతోని పొడిచింది. ఒక్క తునుక మిగులనియ్యలే. ఇగ మొగడు దక్కిండు అనుకొని కొంగుతోని మొఖం తుడుచుకున్నది.

ఎనుకకు తిరిగే సరికి రాజం ఇస్తారి ముందట కూసొని ఉన్నడు.

“కార్జమేదే?”

“పిల్లి ఎత్కపోయింది.”

“తలుపేసిన అర్రల పిల్లా?” రాజం ఆమెను చూసిండు, ఆకును చూసిండు. ఆకు నడుమ ఉప్పు కారం కలిసిన నెత్తురు తడి అట్లనే ఉన్నది. “ఆకు ఉత్తగ లేపొద్దు గద” అన్నడు.

“వద్దు! ఆగు!”

ఆమె ఉరికొచ్చే లోపల్నే తడిని ఏలుతోని ఊడ్చి నాలుకకు రాసుకున్నడు.

ముక్కలన్ని కాల్చిందిగని, ఆకును కాలుస్తానికి మరిచింది.

పొద్దుగూకంగ బుచ్చవ్వ దీపం ముట్టిస్తున్నది. రాజం కడప మీద కూసున్నడు, వాకిలి దిక్కు మొఖం పెట్టి.

‘ఖ్ఖ్...’

“ఏమైంది?” అన్నది.

“ఏం గాలే.” మాట బొంగురుగ ఉన్నది. ఇటు తిరుగకుంటనే అన్నడు... “పిల్లా... ముంతల ఇంకేమన్న ఉన్నదా?”

బుచ్చవ్వ మెల్లగ మూల దిక్కు చూసింది. కడిగి బోర్లించిన ముంత... నిటారుగ నిలవడ్డది. మీద మూత ఉన్నది. మూత కింది నుంచి నురుగు కారుతున్నది.

వచ్చే పెత్రమాసకు బుచ్చవ్వ రెండు ఇస్తార్లు ఏసింది. రెండిట్ల ఉడికిందే పెట్టింది. ఏం లాభం? మూడుసార్లు ఉడికిచ్చింది, మూడుసార్లు పచ్చిదే అయింది. యాష్టకొచ్చి, తలుపులు తెరిచిపెట్టి తల్లిగారింటికి పోయింది. పోయేటప్పుడు పక్కింటిదాన్నని నాకు గీ సంగతంత చెప్పి, ముంత నా చేతిల పెట్టి, “ఎన్నడు బోర్లనే ఉంచు అవ్వా” అన్నది. గప్పటి సంది నా దగ్గర్నే ఉన్నది.

నా మోకాళ్లు లేస్తలేవుగని, నువ్వు జర లేచి నా ఎనుకటి అర్రలకు పోయిరా బిడ్డా. మూలకు ఉన్నది చూడు. బోర్లనే ఉంటె సరే. మూత ఉంటె మాత్రం ముట్టకు... పో, దీపం తీసుకొని పో.