వెలుగుతోందక్కా

రాళ్ల క్వారీ దగ్గర రోడ్డు ఎడమకి తిరిగే ఆ మలుపుకి మంచి పేరు లేదు. పొద్దుగూకాక అక్కడ బండి ఆపకూడదంటారు. ఆపి, ఇంజను కట్టేసి, తాళంచెవి జేబులో వేసుకున్నా సరే... ఎక్కడో ఇండికేటరు కొట్టుకుంటున్న చప్పుడు వినిపిస్తుందట. టిక్... టిక్... టిక్. దీపం మాత్రం ఎక్కడా కనిపించదట.

ఇలాంటి కబుర్లంటే నాకు నవ్వొచ్చేది. పనీపాటా లేని దెయ్యాలు రోడ్డు పక్కన కూర్చుని వచ్చేపోయే బండ్లని చూస్తుంటాయా అని వెక్కిరించేవాణ్ణి. ఇప్పుడు వెక్కిరించను. ఆ మలుపుకి ముందున్న చివరి షాపులో, నా కార్లో కూర్చుని, నా చెవులతో విన్నది చెబుతున్నాను.

నా కారు మా పెద్దవాడికంటే వయసులో పెద్దది. ఆ సాయంత్రం ఎడమ ఇండికేటరు వేస్తే పూనకం వచ్చినట్టు టికటికటికమని కొట్టుకోవడం మొదలెట్టింది. కుడివైపు మాత్రం బుద్ధిగానే ఉంది. ఇంకో గంట ప్రయాణం, మధ్యలో ఆ మలుపు, పైగా తుంపర. కారు కరెంటు పనులు చేసే షాపొకటి కనిపిస్తే ఆపేశాను.

షాపులో ఒక్కావిడే ఉంది. యాభై దాటి ఉంటాయి. చీరమీద మగవాళ్ల చొక్కా, మణికట్టుకి గాజులా నల్లటి ఇన్సులేషన్ టేపు చుట్ట. ఆ దారిలో అందరూ ఆవిడని వైరింగక్క అంటారట. నా కారు చప్పుడు ఒక నిమిషం విని తలూపింది.

"ఇది జబ్బు కాదు సార్. జబ్బుందని బండి చెబుతోంది. ఒక బల్బు వెలగకపోతే ఇలా తొందరగా కొట్టుకుంటుంది. వెనకదే అయ్యుంటుంది."

నన్ను సీట్లోంచి కదలొద్దని, చెప్పినప్పుడల్లా ఇండికేటరు వెయ్యమని చెప్పి, వెనక్కెళ్లి డిక్కీ మూత ఎత్తింది. తిరిగొచ్చి నా మోకాళ్ల దగ్గర వంగి ఫ్యూజులు చూసింది. అన్నీ బాగానే ఉన్నాయి. తల ఎత్తకుండానే కారు వెనక్కి ఒక కేక వేసింది.

"ఏరా, వెలుగుతోందా?"

"వెలుగుతోందక్కా," అని వెనకనుంచి ఒక మగగొంతు వినిపించింది.

పనివాడు కాబోలు అనుకున్నాను. అద్దంలో చూస్తే ఎత్తి ఉన్న డిక్కీ మూత తప్ప ఏమీ కనపడలేదు. గొంతు బొంగురుగా, నిద్రలో మాట్లాడినట్టుంది. ఆవిడ ఆ మాట నమ్మకుండా స్వయంగా వెనక్కెళ్లి చూసొచ్చి, లేదు అంది.

బల్బు మార్చింది. మళ్లీ అడిగింది. వెలుగుతోందక్కా... అన్నాడు. మళ్లీ వెళ్లి చూసొచ్చి, మళ్లీ లేదు అంది. ఒక్క తిట్టు లేదు, విసుగు లేదు. చివరికి నేనే ఉండబట్టలేక, కళ్లముందున్నదాన్ని కూడా సరిగ్గా చెప్పనివాణ్ణి పన్లో ఎందుకు పెట్టుకున్నావని అడిగాను.

"మా తమ్ముడు సార్," అంది.

బల్బు పెట్టే హోల్డరు తుప్పు పట్టిందని, దాన్ని ఊడదీసి తెచ్చుకుని, నా తలుపు పక్కన స్టూలు వేసుకుని ఉప్పుకాగితంతో రుద్దుతూ కూర్చుంది. రుద్దుతూనే చెప్పింది. గొంతు ఎక్కడా పెరగలేదు.

షాపు మొదట ఆ తమ్ముడిదేనట. చేతిలో పని ఉంది, ఒంట్లో బద్ధకం ఉంది. ఆవిడ భర్తకి ఒక పాత కారు ఉండేది. దాని ఇండికేటర్లకీ ఇదే రోగం. మూడుసార్లు తీసుకొచ్చి, బావమరిదీ నీ హస్తవాసి చూపించు అని బతిమాలాడట. రోగం వెనక దీపాల ఎర్త్ తీగలో ఉంది. తుప్పుపట్టి తెగిపోవడానికి సిద్ధంగా ఉంది. దీపాలు ఊడదీసి, డిక్కీలో పరుపంతా లేపి, కొత్త తీగ వెయ్యాలి. పూటంతా పట్టే పని.

తమ్ముడు ఐదు నిమిషాల్లో తేల్చేశాడు. ఇండికేటర్లని కొట్టించే రిలే పీకేసి, ఇంకోరకం రిలే పెట్టాడు. బల్బు వెలిగినా, వెలక్కపోయినా ఒకే తీరున కొట్టుకునే రకం అది. టిక్... టిక్... టిక్. బావ సంతోషించి భుజం తట్టి వెళ్లిపోయాడు. అంటే రోగం అలాగే ఉంది, చెప్పే నోరు మాత్రం నొక్కేశాడన్నమాట.

నెల తిరక్కుండానే, ఒక వానరాత్రి, ఆ మలుపులో ఆ కారు ఇంజను ఆగిపోయింది. భర్త నాలుగు ఇండికేటర్లూ ఒకేసారి వెలిగే ఎర్ర బొత్తాం నొక్కి, ముందుకెళ్లి బానెట్ ఎత్తాడు. ఆవిడ కడుపులో తిప్పుతోందని దిగి పిట్టగోడ దగ్గర నిలబడింది. లోపల చప్పుడు చక్కగా వినిపిస్తోంది. ముందు దీపాల పసుపు వెలుగు ఆయన మొహంమీద పడుతోంది... పోతోంది... పడుతోంది. వెనక మాత్రం చీకటి.

లారీ వచ్చి వెనకనుంచి గుద్దింది. కారు ఆయన మీదనుంచి పోయింది.

వెనక లైటు లేదని లారీ డ్రైవరు ఒట్టేశాడు. లైటు వేశాడు, వెలుగు ఆయన మొహంమీద చూశానని ఈవిడ నెత్తీనోరూ కొట్టుకుంది. అప్పుడు తమ్ముడు ముందుకొచ్చి, మా బావకి మతిమరుపు, అక్క పాపం బాధలో ఏదో అంటోంది అని పోలీసులకి చెప్పాడు. వాళ్లు అదే రాసుకున్నారు. లైటు వెయ్యడం తెలియని దద్దమ్మ చేజేతులా చచ్చాడని ఊరంతా అనుకుంది. అక్కని చేరదీసి షాపులో కూర్చోబెట్టుకున్నందుకు తమ్ముణ్ణి మాత్రం దేవుడన్నారు.

రెండేళ్లు అక్కడే కూర్చుని పని నేర్చుకుంది. ఒకరోజు ఎవరిదో కారు టికటికమంటూ వచ్చింది. తమ్ముడు లేచి, అదే రకం రిలే తీసి పెట్టి చేతులు దులుపుకున్నాడు. బల్బు వెలగట్లేదు కదరా అని ఈవిడ అడిగింది.

"చప్పుడు సరిగ్గా ఉంటే వెనక్కెళ్లి చూసేదెవడక్కా," అని నవ్వాడట.

ఆవిడకి అప్పుడు అర్థమైంది.

హోల్డరు రుద్దడం ఒక్క క్షణం ఆపింది. తను కోరుకున్నది ఒక్కటేనని చెప్పింది. బావ తప్పు లేదు, తప్పు నాది అని వాడి నోటితో వాడు అనాలి. ఎన్నిసార్లు, ఎన్ని విధాల అడిగినా వాడు అనలేదు. సరే అనుకుంది. షాపు కారుకి వెనక దీపాల ఎర్త్ తీగ తనే తెంపింది. ఆ రకం రిలే తనే పెట్టింది. ఒక రాత్రి, బావ పోయిన చోట రెండు నిమిషాలు ఆగుదాం రా అని తమ్ముణ్ణి తీసుకెళ్లింది.

మలుపులో ఆపాడు. ఎర్ర బొత్తాం నొక్కాడు. టిక్... టిక్... ఆవిడ దిగి పిట్టగోడ దగ్గరికెళ్లి నిలబడింది. కొంగు కింద టార్చిలైటు ఉంది. తుంపర పడుతోందని వాడు సీట్లోంచి కదల్లేదు. దిగి నాలుగడుగులు వెనక్కేస్తే తెలిసిపోయేది.

బావ కారుకి ఆ రోజు ఏం చేశావురా అని అడిగింది. మళ్లీ మొదలెట్టావా, అన్నీ సరిచేశానని చెప్పాగా అన్నాడు. అప్పుడే క్వారీ వైపునుంచి లారీ దిగుతున్న మోత... ఆవిడ ఇంకొక్కసారి అడిగింది.

"వెనక వెలుగుతోందా?"

"వెలుగుతోందక్కా. చప్పుడు వినపడట్లా?"

"టార్చి బొత్తాం మీద వేలుంది సార్," అంది నాతో. "చూడలేదక్కా అన్నా చాలు. నొక్కేదాన్ని."

ఆవిడ హోల్డరులో తుప్పుపొడి ఉఫ్‌మని ఊదింది. వెనక లైటు లేదని ఈ లారీ డ్రైవరూ ఒట్టేశాడట. భర్తనీ తమ్ముణ్ణీ ఒకే చోట పోగొట్టుకుందని అందరూ ఆవిడని పట్టుకుని ఏడ్చారట. మలుపుకి చెడ్డపేరు ఆ రోజునుంచే.

ఇది నాతో ఎందుకు చెబుతున్నావమ్మా అన్నాను. అప్పుడు నిజం చెబితే ఎవరూ నమ్మలేదు, ఇప్పుడు నమ్మితే ఎంత, నమ్మకపోతే ఎంత అంది. అప్పుడు తట్టింది నాకు... పోయాడంటోంది. మరి ఇందాకటినుంచి నా కారు వెనక ఉన్నదెవరు?

"ఇండికేటరు వెయ్యండి సార్."

వేశాను. హోల్డరు, బల్బు రెండూ ఆవిడ అరచేతిలోనే ఉన్నాయి. కారుకి ఇంకా పెట్టనేలేదు. ఆవిడ స్టూలుమీంచి లేవకుండానే కేక వేసింది.

"ఏరా, వెలుగుతోందా?"

"వెలుగుతోందక్కా."

తలుపు తోసుకుని దిగి వెనక్కి పరిగెత్తాను. ఎవరూ లేరు. తుంపరకి నానిన బురదలో ఆవిడ చెప్పుల గుర్తులు తప్ప ఇంకో అడుగు లేదు. ఎడమ దీపం ఉండాల్సినచోట నల్లటి కన్నం, అందులోంచి వేలాడుతున్న రెండు తీగలు.

ఆవిడ మెల్లగా వచ్చి నా పక్కన నిలబడింది. ఆ కన్నంకేసి చూస్తూ, నాతో కాదు, తనలో తను అనుకుంటున్నట్టు చెప్పింది.

"వచ్చిన ప్రతి బండికీ అడుగుతాను. ఒక్కసారి లేదక్కా అంటే వదిలేస్తాను. పోతాడు, ఎక్కడికి పోవాలో అక్కడికి. పదకొండేళ్లయింది..."

గుప్పిట్లోని బల్బుని ఆ చీకటివైపు చూపిస్తూ, చిన్నపిల్లాణ్ణి అడిగినట్టు మెత్తగా మళ్లీ అడిగింది. జవాబు ఈసారి సరిగ్గా నా చెవి పక్కనుంచి వచ్చింది.

"వెలుగుతోందక్కా."