మైకు వదలని ఇన్వెస్టరు

“‘నీలి గాజు’. ఆమె నోట ఆ మాట మైకులో వినిపించిందా, కంపెనీ మన చేతుల్లోంచి పోయినట్టే,” అన్నాడు చీఫ్.

చిప్పుల కంపెనీ మూడు నెలల ఫలితాల మీద ఇన్వెస్టర్ల మీటింగ్. లైవ్‌లో వస్తుంది. ఎక్కడో ఒక గదిలో కూర్చుని చూస్తున్న విదేశీ ముఠా, ఆ కోడ్ వినగానే తన దగ్గరున్న షేర్లన్నీ ఒక్కసారిగా అమ్మేస్తుంది. ధర కుప్పకూలాక కంపెనీని కారుచవకగా కొనేస్తుంది. దేశం క్షిపణులకు చిప్పులు చేసిపెట్టేది ఆ ఒక్క కంపెనీయే.

“ఆమెను ఇప్పుడే పట్టుకుంటే?” అడిగాడు ఏజెంట్ డేగ.

“ముఠావాళ్ళు గది ఖాళీ చేసి చెక్కేస్తారు. మనవాళ్ళు దాన్ని వెతుకుతున్నారు. దొరికేదాకా ఆమెను మాట్లాడనివ్వకు.”

ఆమె పేరు ముత్యం. మొన్నటిదాకా డేగ పక్క సీట్లోనే పనిచేసి, ఆ ముఠాకు అమ్ముడుపోయిన మనిషి. ఇప్పుడు హాల్లో పట్టుచీరలో, నల్లకళ్ళజోడుతో అతని పక్కనే కూర్చుంది. డేగకు ఒళ్ళు మండుతోంది. మైకును జామ్ చేసే పెన్నును జేబులోనే నొక్కాడు. సిరా కారింది. మళ్ళీ నొక్కాడు. ఇంకాస్త కారింది. టెండర్లో చవకని కొన్న సరుకు మరి!

“లాభం పెరిగిందంటారు, కొత్త ఆర్డర్లేవండీ?” నిలదీసింది ముందు వరుసలో ఒకావిడ.

“ఫ్యాక్టరీ కట్టకుండా ఆర్డర్లు ఎక్కణ్ణుంచి వస్తాయమ్మా?” మైకు అందుకుని ఎగిరాడు ఒక బ్రోకరు.

“ఎన్నాళ్ళీ గ్రోత్ కబుర్లు?” ఇంకొకరు.

డేగ వీపు మీద వేలితో పొడిచాడు వెనక సీటు తాత. “చూశావా బాబూ? ప్రతిసారీ వస్తాను. ఆ మైకు నాదాకా రానే రాదు.”

ఆ కంపెనీలో పద్ధతే అంత. మైకు పట్టుకున్నవాళ్ళే తమకు నచ్చినవాళ్ళకు అందించాలి. ఎవరూ లాక్కోకూడదు. అలా చేతులు మారి మారి అది డేగకు చేరింది.

“చిప్పులు... బాగానే చేస్తున్నారా?” అన్నాడు. హాలంతా నవ్వింది.

“అయిందా అన్నయ్యా? ఇలా ఇవ్వండి,” చెయ్యి చాపింది ముత్యం. తర్వాత గొంతు తగ్గించి, “మీసం ఊడుతోంది,” అంది.

డేగ గిరుక్కున వెనక్కి తిరిగి మైకు తాత చేతిలో పెట్టేశాడు.

తాత లేచాడు. కళ్ళజోడు సర్దుకున్నాడు. “గ్రోత్ సంగతికి ముందు, అసలీ కంపెనీ ఎలా పుట్టిందో చెప్పాలి.”

చెప్పాడు. చెబుతూనే ఉన్నాడు. చైర్మన్ కునికిపాట్లు పడ్డాడు. ముత్యం పళ్ళు నూరింది. “తాతగారూ, ఇక ఇటివ్వండి.”

“తీసుకో తల్లీ.” మైకు ఆమె పెదాల దాకా వచ్చింది.

“నీలి...”

“అన్నట్టు, ఇంకొక్క మాట,” అంటూ తాత మైకు వెనక్కి తీసుకున్నాడు. అదే క్షణంలో డేగ చెవిలో చీఫ్ గొంతు పలికింది. “గది దొరికింది. ముఠా మొత్తం లోపలే ఉంది. ఆమెను తీసుకురా.”

ఆమెను తలుపు దాటిస్తుంటే లోపల్నించి తాత గొంతు వినిపించింది.

“సరే, ఉపోద్ఘాతం అయింది. ఇక నా ప్రశ్నకొస్తాను.”